హెల్ప్‌లెస్ సారు పంచాయితీ

మా ఆయన సుందరరావుగారికి ఇంగ్లీషులో ఒక మాటంటే ప్రాణం. హెల్ప్‌లెస్. యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక కాలేజీ ఆఫీసుకు ఆయన సూపరింటెండెంటు. బల్ల ముందు ఎవరొచ్చి నిలబడినా సంగతంతా శ్రద్ధగా వినేవారు, కళ్ళజోడు తీసేవారు, రెండు అరచేతులూ వెల్లకిలా చాపి "అయామ్ హెల్ప్‌లెస్" అనేవారు. వచ్చినవాడు ఇంకేం మాట్లాడతాడు? నోరు మూసుకుని వెళ్ళిపోయేవాడు.

ఆఫీసులో అంటే సరే, ఇంటికొచ్చాక కూడా అదే పాట. వంటింట్లో వాన కారుతోందండీ అంటే హెల్ప్‌లెస్. పాలవాడు మరీ నీళ్ళు పోస్తున్నాడు, ఒక్కసారి గట్టిగా అడగండి అంటే హెల్ప్‌లెస్. ఓ రోజు అన్నంలో రాయొచ్చిందని నా మీద విసుక్కున్నారు. నేనూ గరిటె కింద పెట్టి, అరచేతులు చాపి, "అయామ్ హెల్ప్‌లెస్" అన్నాను. ఆ పూటంతా ఇంట్లో మాటల్లేవు.

నేను లాలాపేటలో చిన్నపిల్లల బడిలో టీచర్ని. ఇంగ్లీషు నాకూ కాస్త వచ్చు. ఆ మాటకు తెలుగులో ఏమనాలా అని చాలాసార్లు ఆలోచించాను. దిక్కులేనివాడు అనొచ్చు, చేతకానివాడు అనొచ్చు. నిస్సహాయుడు అని కూడా ఉంది గాని, అది పుస్తకాల్లో కనిపిస్తుందే తప్ప మనుషుల నోట వినపడదు. మా తెనాలి వైపు ఏ మగవాడైనా నలుగురిలో నిలబడి "నాకు చేతకాదు" అంటాడా? అనగలడా? ప్రాణం పోయినంత పనవుతుంది. అదే సంగతి ఇంగ్లీషులో చెప్తే ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నంత హుందాగా ఉంటుంది. చేతకాదన్నందుకు సిగ్గుపడక్కర్లేదు సరికదా, విన్నవాడే "సారీ సార్" అని వెళ్తాడు. మా ఆయన ఆ సుఖం మరిగారు.

"చేతకాకపోవడం కూడా ఒక ఉద్యోగమేనటండీ?" అని దెప్పేదాన్ని.

"రూల్స్ నీకు తెలియవు శాంతా" అనేవారు, పేపరు అడ్డం పెట్టుకుని.

అరవై ఎనిమిదిలో, ఎండలు ముదురుతున్న రోజులు. పరీక్షలు దగ్గర పడ్డాయి. సమ్మయ్య అని ఒక కుర్రాడు, బి.ఏ. ఆఖరి ఏడు. జనగామ పక్కన పల్లె వాళ్ళది, ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. తొలకరి పడ్డ రోజుల్లో వాళ్ళ నాన్న బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడట. దున్నేందుకు ఇంట్లో ఇంకో మగదిక్కు లేదు. ఈ కుర్రాడు వెళ్ళి నాగలి పట్టాడు, పంట ఇల్లు చేరేదాకా అక్కడే ఉండిపోయాడు. తిరిగొచ్చేసరికి హాజరు బాగా తగ్గిపోయింది. హాల్ టికెట్టు ఇవ్వం పొమ్మన్నారు.

జబ్బు చేసి రానివాడు డాక్టరు దగ్గర కాగితం తెచ్చుకుంటే సరిపోతుంది. ఇక్కడ మంచాన పడ్డది తండ్రి, కుర్రాడు కాదు. ఇలాంటివాటికి ప్రిన్సిపాలుగారు తల్చుకుంటే అనుమతి ఇవ్వొచ్చు. కాని ఆఫీసులో ఒకరు పూనుకుని, ఈ అబ్బాయి సంగతి ఇదీ, దయతో చూడవలసింది అని రాసి ఆయన ముందు పెట్టాలి. ఆ ఒకరు మా ఆయనే. సమ్మయ్య వెళ్ళిన ప్రతిసారీ ఆయన కళ్ళజోడు తీశారు, అరచేతులు చాపారు. శనివారంతో గడువు అయిపోతుంది. అది దాటితే ఆ కుర్రాడికి ఏడాది పోయినట్టే. ఇంకో ఏడాది పట్నంలో ఉంచే ఓపిక ఆ ఇంటికి లేదు గనక, చదువే పోయినట్టు.

శుక్రవారం సాయంత్రం తార్నాకలో మా ఇంట్లో ప్రార్థన కూడిక. మా చర్చి సంఘంవాళ్ళు వారానికొకరి ఇంట్లో కూడుకుంటారు, ఆ వారం మా వంతు వచ్చింది. కుర్చీలన్నీ వెనక గదిలోకి గెంటి ముందు గదిలో చాపలు పరిచాను. టీ నీళ్ళు స్టవ్ మీద పెట్టి వస్తుంటే గేటు చప్పుడైంది. ఒక పొడుగాటి కుర్రాడు, వెనకాల వాళ్ళమ్మ. నడినెత్తిన కొంగు, చేతికి వెండి కడియాలు, కొంగు మూటలో చింతచిగురు.

"సార్ ఉన్నరా అమ్మా?" అన్నాడు కుర్రాడు. "నేను సమ్మయ్య. మా అవ్వ సార్‌ను సూడాలె అని రైలెక్కి వచ్చింది. వద్దంటె ఇనలే."

మా ఆయన కిటికీలోంచి చూసి గబగబా నా దగ్గరికొచ్చారు. "ఇంటికి రాకూడదని చెప్పు. అందులోనూ చేతిలో ఏదో మూట. ఆఫీసుకు రమ్మను. అయినా అక్కడ మాత్రం ఏం చేస్తాను, అయామ్..."

"మీరు హెల్ప్‌లెస్ గదా, ఏమీ చేయలేరు. పక్కకు జరగండి" అన్నాను. "ఆమె ఎక్కణ్ణుంచో వచ్చింది. కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్తుంది."

ఆమె పేరు లచ్చవ్వ. చిగురు నా చేతిలో పెట్టి "పప్పుల ఏసుకో బిడ్డా, లేతగున్నది" అంది. ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చోబెట్టి చెంబు అందించాను. ఆమె నీళ్ళు తాగుతుండగానే మావాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు, పాట మొదలైంది. మధ్యలో లేచి వెళ్ళడం మర్యాద కాదని కాబోలు, ఆమె అలాగే ఉండిపోయింది. సమ్మయ్య బయటే గుమ్మం పక్కన నిలబడ్డాడు. మా ఆయన మగవాళ్ళలో ఒక మూలకు సర్దుకుని, ఆమె వైపు చూడకుండా బైబిలు తిరగేస్తున్నారు.

పాట అయ్యాక యాకోబుగారు గొంతు సవరించుకున్నారు. ఆయన మా సంఘపెద్ద, రైల్వే గార్డుగా చేసి రిటైరైన మనిషి. మనిషి రిటైరయ్యాడు గాని గొంతు కాలేదు. "ఎవరికైనా మనవులుంటే ఇప్పుడే చెప్పుకోండి" అన్నారు. ఇది మా పద్ధతి. కష్టం ఉన్నవాళ్ళు పైకి చెప్పుకుంటారు, అందరం కలిసి దాని కోసం ప్రార్థన చేస్తాం. ఆయన భార్య సారమ్మగారు మోకాళ్ళ నొప్పులు చెప్పుకున్నారు. సామేలు అనే టీచరు తన బదిలీ సంగతి చెప్పాడు. చెప్పిన ప్రతివాళ్ళకూ యాకోబుగారు "విన్నాం, చూద్దాం దేవుడి చిత్తం" అంటున్నారు.

లచ్చవ్వ నా భుజం తట్టి మెల్లిగా అడిగింది. "ఆ నడుమ కూసున్నాయిన ఎవలమ్మా?"

"మా సంఘపెద్ద" అన్నాను.

ఆమె తలూపింది. కొంగు సర్దుకుని లేచి నిలబడింది. నాకు ఆ క్షణాన అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, వాళ్ళ ఊళ్ళో కులపెద్దలు కూడినా అచ్చం ఇలాగే ఉంటుందట. చాపలు పరుస్తారు, మగవాళ్ళొక వైపు, ఆడవాళ్ళొక వైపు. నడుమ పెద్దమనిషి. బాధ ఉన్నవాళ్ళు లేచి చెప్పుకుంటారు, ఆయన విన్నం అంటాడు. తన కొడుకు సంగతి తేల్చడానికే ఈ సారు పదిమందినీ పిలిపించి పంచాయితీ పెట్టాడనుకుంది, మహాతల్లి.

"పెద్దమనుషులకు దండం" అంది.

గుమ్మంలోంచి సమ్మయ్య కంగారుగా చెయ్యి ఊపాడు. "అవ్వా, కూసోయే. గిది పంచాయితి కాదు."

"నువ్వూకో. పెద్దలు కూసున్నకాడ నడుమ మాట్లాడద్దు" అని కొడుకు నోరు మూయించింది. "నా పేరు లచ్చవ్వ. మాది జనగామ దిక్కు. నా కొడుకు ముచ్చట ఎనక చెప్త. ముందుగాల ఈ సారు ముచ్చట తేల్చున్రి."

అందరి తలకాయలూ మా ఆయన వైపు తిరిగాయి.

"నా కొడుకు పోయినప్పుడల్ల సారు హెల్ప్‌లెస్ అంటున్నడట. గదంటె ఏందిరా అని మా పోరన్ని అడిగిన. దిక్కులేనోడు, రెండు చేతులు ఎవలో కట్టేసినట్టున్నోడు అని చెప్పిండు. ఇగ నా పానం ఊకుంటదా? మాకేందయ్యా, నా మొగని కాలిరిగితె మా పాలోల్లు అన్నదమ్ములు ఎడ్లను దోలుకొచ్చిన్రు, పక్కింటోల్లు గంజి కాసి పోసిన్రు, కొడుకు ఉరికొచ్చిండు. మాకు దిక్కున్నది. గింత సదువుకున్న సారు, తెల్లంగి తొడిగిన సారు, దినాం వచ్చినోల్లకల్ల నాకు దిక్కులేదు, నాకు దిక్కులేదు అని చెప్పుకుంటున్నడంటె ఎంత కష్టం మీదున్నడో! ఆయన చేతులు ఎవలు కట్టిన్రో అడుగున్రి. మీరు ఇంతమంది ఉన్నరు గదా, ఇడిపించున్రి. చేతులిడిస్తె నా కొడుకు పని ఆయనే చేస్తడు. మంచోని లెక్కనే ఉన్నడు."

నాకు నవ్వు పొంగుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఎన్నేళ్ళుగా దెప్పుతున్నానో, ఒక్కనాడైనా ఇంత చక్కగా దెప్పగలిగానా అనుకున్నాను. కాని ఆమె మొహంలో వెటకారం కోసం వెతికితే మచ్చుకైనా లేదు. నిజంగానే జాలిపడుతోంది. ఆ తర్వాత మా ఆయన్ని చూశాను. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. మనిషి చెమటతో తడిసిపోయి, బైబిలు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు.

యాకోబుగారు ఆయన వైపు తిరిగారు. "సుందరరావుగారూ, మనవి వచ్చింది. మీ చేతులు ఎవరు కట్టారండీ? చెప్పండి, ప్రార్థనలో పెడదాం." ఆయన ఎకసెక్కానికి అన్నారో, నిజంగానే అన్నారో, ఆ మీసాల చాటున ఎప్పటికీ తెలియదు.

"ఇటీజ్ ఎ మేటర్ ఆఫ్ రూల్స్..." అని మొదలుపెట్టారు మా ఆయన.

"తెలుగులో చెప్పండి బాబూ. ఆవిడ అడుగుతోంది, ఆవిడకు తెలియాలి. మా సారమ్మకూ తెలియాలి."

"నాకు..." అన్నారు. ఆగారు. "అది నా చేతిలో..." మళ్ళీ ఆగారు. "నాకు చేత..." అని ఆ మాట సగంలో మింగేశారు. పాపం, ఎంత ప్రయత్నించినా రాలేదు. వంటింట్లో టీ నీళ్ళు మరిగిపోతున్నాయి, లేవాలనిపించలేదు. ఇంగ్లీషులో రోజూ అంత హాయిగా వచ్చే మాట తెలుగులో ఆ మనిషి గొంతు పట్టుకుని కూర్చుంది.

చివరికి బైబిలు చాప మీద పెట్టేశారు. "ఎవరూ కట్టలేదండీ" అన్నారు. "నాకే భయం."

కొన్నేళ్ళ కిందట ఇలాగే ఒక కుర్రాడి కోసం ఆయన రాసి పెట్టారట. ప్రిన్సిపాలు ఆ కాగితాలు బల్ల మీంచి విసిరేసి, "నువ్వు సూపరింటెండెంటువా, వాళ్ళ వకీలువా?" అని గుమాస్తాలందరి ముందూ అరిచాడట. అటెండరు వంగి ఆ కాగితాలు ఏరి ఈయన చేతికిచ్చాడట. "ఆ రోజు నుంచి నా మాటగా ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు. రాద్దామని కలం పట్టుకుంటే ఆయన అరుపే వినిపిస్తుంది. ఎవరొచ్చినా వద్దనడమే తేలికైపోయింది" అన్నారు, నేల చూస్తూ.

ఈ సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఇంటికొచ్చి నాకొక్క మాట చెప్పలేదు. రూల్సు పిచ్చి అనుకున్నాను, బద్ధకం అనుకున్నాను, ఎన్నెన్ని మాటలన్నానో. నా కోపమంతా అమాంతం ఆ ప్రిన్సిపాలు మీదికి పోయింది. నా మొగుణ్ణి అనడానికి నేను లేనా, ఆయనెవరు మధ్యలో?

లచ్చవ్వ గుండెల మీద చెయ్యి వేసుకుని గట్టిగా ఊపిరి వదిలింది. "గంతేనా! భయమేనా? నేను ఏమేమో అనుకుంటి. భయమైతె తోడుంటె పోతది సారూ. పొద్దుగాల నీ ఎంబడి నేనొస్త. నువ్వు లోపటికి పో, నేను గుమ్మం కాడ కూసుంట. ఆయన అరిస్తె అరవనియ్యి, బయట మనిషున్నది అనుకో."

"నేనూ వస్తాను" అన్నారు యాకోబుగారు.

"బడికి సెలవు పెట్టి నేనూ వస్తా" అన్నాను.

"ఇదేమన్నా ఊరేగింపా?" అన్నారు మా ఆయన. అన్నారే గాని, వద్దనలేదు.

యాకోబుగారి ప్రార్థన ఆ పూట రైలంత పొడుగు సాగింది. సారమ్మగారి మోకాళ్ళు, సామేలు బదిలీ, సుందరరావుగారి భయం, సమ్మయ్య హాల్ టికెట్టు, వాళ్ళ నాన్న కాలు, అన్నీ ఎక్కించారు. అందరం ఆమెన్ అన్నాం. మా ఆయన ఆమెన్ కొంచెం వెనకగా వచ్చింది, కాని అందరికంటే గట్టిగా వచ్చింది. లచ్చవ్వ ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకుంది. చింతచిగురు పప్పు తనే వండింది. మా ఆయన మారు అడిగి వేసుకున్నారు.

మర్నాడు పొద్దున తార్నాక నుంచి క్యాంపస్‌లోకి నడుచుకుంటూ బయల్దేరాం. మా ఆయన మాతో సంబంధం లేనట్టు ముందు పెద్ద పెద్ద అంగలు వేస్తున్నారు. లచ్చవ్వ పొలంగట్ల మీద తిరిగిన మనిషి, ఆయనకు రెండడుగుల వెనకాలే ఉంది. గొడుగు వేసుకుని యాకోబుగారు, ఆ వెనక నేను. సమ్మయ్య హాస్టల్ నుంచి ముందే వచ్చి ఆఫీసు వరండాలో స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. రాత్రంతా నిద్రపోయినట్టు లేడు.

మా ఆయన తన బల్ల దగ్గర కూర్చుని రాయడం మొదలుపెట్టారు. కలం ఆగినప్పుడల్లా తలెత్తి వరండా వైపు చూశారు. చూసినప్పుడల్లా లచ్చవ్వ బెంచీ మీంచి తలూపింది, కానియ్యి కానియ్యి అన్నట్టు. అటెండరు మమ్మల్ని వింతగా చూసి వెళ్ళాడు. రాసింది చేత్తో పట్టుకుని ఆయన ప్రిన్సిపాలు గదిలోకి వెళ్ళారు.

ఆ గదికి సగం తలుపులు. మోకాళ్ళ కింద కాళ్ళు మాత్రం కనిపిస్తాయి. మాటలు తెలియడం లేదు గాని, ఒక గొంతు పెరుగుతోంది, అది మా ఆయనది కాదు. యాకోబుగారి పెదాలు కదులుతున్నాయి. సమ్మయ్య గోడ వైపు తిరిగిపోయాడు.

లచ్చవ్వ మాత్రం తలుపు కిందికి వంగి చూస్తోంది. "సారు కాళ్ళు వణుకుతున్నయి" అంది. ఇంకాసేపు చూసింది. "వణికితె వణికినయి గాని నిలవడ్డడు. ఎనక్కి వస్తలేడు."

ఎంతసేపు గడిచిందో. తలుపులు ఊగాయి. మా ఆయన బయటికొచ్చారు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. అందరం లేచాం. నేను హాల్ టికెట్టు సంగతి అడగబోతుంటే లచ్చవ్వ ముందే అడిగేసింది.

"సారూ, ఏమన్న అన్నడా నిన్ను?"

మా ఆయన ఆమెను చూశారు. "అన్నాడమ్మా" అన్నారు. "చాలా అన్నాడు. సంతకం కూడా పెట్టాడు."

సమ్మయ్య "సార్!" అన్నాడు. కాళ్ళకు దండం పెట్టబోతే మా ఆయన పట్టుకుని లేపి, "ముందు కౌంటరు దగ్గరికి పరిగెత్తు, పన్నెండు దాటితే మూసేస్తారు" అని కసిరారు. ఆ కసురు విని నాకు ప్రాణం లేచొచ్చింది. వాడు వరండా పొడుగునా పరిగెత్తుతుంటే చెప్పుల చప్పుడు ఆఫీసంతా వినిపించింది. కాసేపట్లో హాల్ టికెట్టు రెండు చేతులతో పట్టుకుని వచ్చాడు. వాళ్ళమ్మ దాన్ని తలకిందులుగా పట్టుకుని తనివితీరా చూసుకుంది, కొడుకు ఫోటో చూసి "గింత బక్కగ పడ్డవేందిరా" అంది. మా ఆయన ఆ పూటకు సెలవు చీటీ రాసిచ్చి వచ్చేశారు. యాకోబుగారు గట్టిగా స్తోత్రం చెప్తే, పై అంతస్తులోంచి ఎవరో తొంగి చూశారు.

"పంచాయితి తెగింది గదా" అంది లచ్చవ్వ దారిలో. "మా ఊర్ల తీర్పయినంక పెద్దమనుషులకు కల్లు పోస్తం. గీడ కల్లు యాడ దొరుకుతది?"

యాకోబుగారి గొడుగు ఒక్కసారి పక్కకు వాలిపోయింది. "అమ్మా, మాకు కల్లు వద్దు తల్లీ."

"ఎట్ల? కల్లు లేకుంటె తీర్పు నిలవడది."

కాసేపు వాళ్ళిద్దరికీ పెద్ద వాదన. చివరికి చాయ్ దగ్గర రాజీ కుదిరింది. తార్నాక చౌరస్తాలో హోటల్లో కూర్చున్నాం. ఆడవాళ్ళం హోటల్లో కూర్చోవడం నాకు కొత్త, అయినా ఆ పూట ఏదీ తప్పనిపించలేదు. ఒంట్లోంచి ఏదో బరువు దిగిపోయింది. సమ్మయ్య ఊరికే నవ్వుతున్నాడు, ఎందుకని అడిగితే ఇంకా నవ్వుతున్నాడు.

"ఇంతకూ లోపల ఏం చెప్పారండీ?" అన్నాను.

మా ఆయన కప్పు సాసర్లో తిప్పుతూ కూర్చున్నారు. "అరిచాడు. పోయినసారి అన్నదే అన్నాడు. తర్వాత, ఈ కుర్రాడు నీకేమవుతాడు అని అడిగాడు. ఏమీ కాడు సార్ అన్నాను. మరి నీకెందుకింత పట్టుదల అన్నాడు." కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, మొహం తుడుచుకున్నారు. "వాళ్ళమ్మ బయట కూర్చుంది సార్ అన్నాను. కొడుకు కోసం కాదు, లోపల నాకు భయమేస్తుందని కూర్చుంది అన్నాను. ఆయన అలా తలుపు వైపు చూశాడు. ఆ తర్వాత కలం తీశాడు."

లచ్చవ్వ చాయ్ కప్పు ఆయన ముందుకు జరిపింది.

"తాగు బిడ్డా" అంది. "సల్లగైతది."